సోఫోక్లీస్ ‘యాంటిగొనీ’ని తెలుగులో ఆడించాలంటే: నేపథ్యం, ప్రదర్శన చరిత్ర, రంగస్థలం పని

ప్రాచీన గ్రీకు నాటకకర్త సోఫోక్లీస్ రాసిన ‘యాంటిగొనీ’ వేద్దామనుకోగానే నాటక సమాజాలు ముందుగా యాంటిగొనీ వేషానికి అమ్మాయిని వెతుకుతాయి. అసలు ముందు దొరకాల్సింది రాజు క్రియాన్. 1353 పంక్తుల ఈ నాటకంలో అందరికంటే ఎక్కువ మాటలు అతనివే. మొదట్లో ఒకలా ఉండి, చివరికి పూర్తిగా మరో మనిషయ్యేదీ అతనే. యాంటిగొనీ 943వ పంక్తి దగ్గర లోపలికి వెళ్లిపోయాక మళ్లీ రాదు. ఆ తర్వాత ఇంకా 400 పైచిలుకు పంక్తులుంటాయి. క్రియాన్ వేషం తేలిపోతే ఆ భాగాన్ని ఎవరూ నిలబెట్టలేరు.

కథ చిన్నది. గ్రీకు నగరం థీబ్స్‌ను ఏలిన ఈడిపస్ కొడుకులు ఎటియోక్లీస్, పాలినీసెస్ ఆ సింహాసనం కోసం పోరాడి ఒకరి చేతిలో ఒకరు చనిపోయారు. వాళ్ల మేనమామ క్రియాన్ రాజయ్యాడు. ఊరిని కాపాడిన ఎటియోక్లీస్‌కు సకల మర్యాదలతో అంత్యక్రియలు, పరాయి సేనను వెంటేసుకొచ్చిన పాలినీసెస్ శవం మాత్రం కుక్కలకూ గద్దలకూ అని చాటింపు వేయించాడు. వాళ్ల తోబుట్టువు యాంటిగొనీ ఆ చాటింపును కాదని అన్న శవం మీద పిడికెడు మట్టి వేసింది. అందుకు క్రియాన్ ఆమెను బతికుండగానే సమాధి గుహలో మూయించాడు. చివరికి ఆమె, ఆమెను పెళ్లాడాల్సిన అతని కొడుకు హీమన్, అతని భార్య యూరిడిసీ ముగ్గురూ ప్రాణాలు తీసుకున్నారు. నాటకమంతా ఒక్క పగటిలో, తెల్లవారుజామున మొదలై నడుస్తుంది.

ఏథెన్స్‌వాళ్లు క్రియాన్‌ని ఎలా విన్నారు

నాటకం తొలిసారి ఆడింది సుమారు క్రీ.పూ. 441లో, ఏథెన్స్‌లో వసంతకాలంలో ద్రాక్షాసవ దేవుడు డయోనిసస్‌కు జరిగే ఉత్సవంలో. ఈ నాటకానికి వచ్చిన మెప్పు చూసే సోఫోక్లీస్‌ను సేమోస్ యుద్ధానికి సేనానిగా ఎన్నుకున్నారని పాత వ్యాఖ్యాతల మాట. ఆ ఉత్సవంలో ఒక్కో కవి మూడు విషాద నాటకాలు, సాటిర్లనే వనచరుల వేషాలతో సాగే ఒక హాస్య నాటకం ఆడించాలి. పాడుతూ ఆడే బృందం, అంటే కోరస్, ఖర్చును ఒక ధనవంతుడైన పౌరుడు భరించేవాడు. ‘యాంటిగొనీ’ని ‘రాజా ఈడిపస్’, ‘కొలోనస్‌లో ఈడిపస్’ నాటకాలతో కలిపి ఒకే వరస నాటకాలుగా చెప్పడం మనకు అలవాటైంది గానీ, సోఫోక్లీస్ వాటిని వేర్వేరు కాలాల్లో రాశాడు. మూడోది అతను పోయాక, క్రీ.పూ. 401లో రంగం మీదికి వచ్చింది. అందుకని మిగతా రెండింట్లోని క్రియాన్ స్వభావాన్ని తెచ్చి ఇక్కడ అతికించకండి.

దర్శకుడు మొట్టమొదట తేల్చుకోవాల్సిన విషయం ఒకటుంది. దేశద్రోహిని ఏథెన్స్ నేల మీద పూడ్చనివ్వకపోవడం అక్కడ ఉన్న శిక్షే. కాబట్టి తొలి ప్రేక్షకులకు క్రియాన్ చాటింపు వినగానే రాక్షసంగా తోచి ఉండదు. సరిహద్దు అవతల పూడ్చుకోనివ్వకుండా, ఊరి వాకిట్లోనే శవాన్ని కుళ్లబెట్టడం అతని అతి. ఆ అతి మెల్లగా బయటపడాలి.

రుజువు కావాలంటే, దాదాపు వందేళ్ల తర్వాత క్రీ.పూ. 343లో ఏథెన్స్ వక్త డెమోస్తనీస్ చేసిన కోర్టు ప్రసంగం ఉంది. ప్రత్యర్థి ఈస్కినీస్ ఒకప్పుడు మూడో నటుడిగా క్రియాన్ వేషం కట్టినవాడు. క్రియాన్ తొలి ప్రసంగంలోని 175–190 పంక్తుల్ని డెమోస్తనీస్ అక్కడ చదివించి, ‘నువ్వు రంగం మీద పలికిన ఈ మంచి మాటల్ని రాజకీయంలో ఎందుకు మరిచావు?’ అని నిలదీశాడు. అంటే ఆ మాటలు దేశభక్తికి నమూనాగా చెల్లాయి. ‘మనిషి మనసేమిటో, బుద్ధేమిటో అధికారం చేతికొచ్చే దాకా తెలియదు’ అనే భావం వాటిలోనిదే. దక్షిణాఫ్రికాలోని రాబెన్ ఐలండ్ జైల్లో ఖైదీలు ఈ నాటకం ఆడినప్పుడు నెల్సన్ మండేలా వేసింది కూడా క్రియాన్ వేషమే.

కాబట్టి 162–210 ప్రసంగాన్ని నిజాయితీపరుడైన కొత్త ముఖ్యమంత్రి తొలి ప్రసంగంలా చెప్పించండి. మీసం దువ్వడం, ఎర్ర లైటు, వికటాట్టహాసం పెడితే రెండో నిమిషానికే ప్రేక్షకుడు తీర్పు చెప్పేసుకుంటాడు, ఇక రెండు గంటలూ కొత్తగా తెలుసుకునేదేమీ ఉండదు. మార్పు మెట్లుమెట్లుగా రావాలి. శవం మీద ఎవరో మట్టి వేశారని కావలివాడు చెబితే, లంచం తిన్నారంటాడు: మొదటి మెట్టు. యాంటిగొనీ తోడబుట్టిన, ఏ పాపమూ ఎరగని ఇస్మీనీని పట్టి తెప్పిస్తాడు: రెండో మెట్టు. కొడుకు హీమన్‌తో ‘ఊరు ఏలేవాడి సొత్తు కాదా?’ అంటాడు: మూడోది, 738వ పంక్తి. గుడ్డి జ్యోతిషి టైరీషియస్‌కు డబ్బాశ అంటగడతాడు: నాలుగోది. నటుడు తన ప్రతిలో ఈ నాలుగు చోట్లా గీత గీసుకుని, ఒక్కో గీత దగ్గరా గొంతు ఎంత పెంచాలో ముందే ఖాయం చేసుకోవాలి. మొదటి గీత దగ్గరే అరిచేస్తే నాలుగోదానికి గొంతులో ఏమీ మిగలదు.

ఏ ప్రతి తీసుకోవాలి

‘యాంటిగొనీ’ పేరుతో కనీసం మూడు వేర్వేరు నాటకాలు చలామణీలో ఉన్నాయి. సోఫోక్లీస్‌ది ఒకటి. ఫ్రెంచి రచయిత జాన్ అనుయీది ఇంకొకటి. ఇది 1944 ఫిబ్రవరిలో, నాజీల ఆక్రమణలో ఉన్న పారిస్‌లో, అతెలియే థియేటర్లో ఆడింది. ఇందులో టైరీషియస్ లేడు, ఒక దాది ఉంది, కోరస్ ఒక్క మనిషే. మూడోది జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్‌ది. 1948 ఫిబ్రవరిలో స్విట్జర్లండ్‌లోని ఖూర్ పట్టణంలో హెలెనె వైగెల్ యాంటిగొనీగా ఆడింది. క్రియాన్ ఇక్కడ గనుల కోసం పక్క రాజ్యం మీద పడే దురాక్రమణదారు. ముందు 1945 నాటి బెర్లిన్‌లో ఇద్దరు అక్కచెల్లెళ్ల దృశ్యం ఒకటి ఉంటుంది. మీ చేతిలోని అనువాదంలో దాది కనబడితే అది అనుయీది, బెర్లిన్ కనబడితే బ్రెహ్ట్‌ది. మంచి నాటకాలే, కానీ అవి వేరు.

అంతకుముందు సంగతి: 1841 అక్టోబర్ 28న పోట్స్‌డామ్‌లో, ప్రష్యా రాజు నాలుగో ఫ్రెడరిక్ విలియం కోరిక మీద, జర్మన్ స్వరకర్త మెండెల్సొన్ కోరస్ పాటలకు పురుష గాత్రాలతో సంగీతం కట్టాడు. ఆధునిక యూరప్ రంగస్థలంలో గ్రీకు నాటకాన్ని నిలబెట్టిన ప్రదర్శనల్లో అదొకటి. 1922లో ఫ్రెంచి కవి కాక్టో అదే అతెలియేలో నాటకాన్ని బాగా కుదించి ఆడించాడు. పికాసో రంగాలంకరణ, షనెల్ దుస్తులు. కోరస్ మాటల్ని కాక్టో తెర వెనకనుంచి తానే చెప్పాడు. 1973లో దక్షిణాఫ్రికాలో అథొల్ ఫుగార్డ్, జాన్ కానీ, విన్‌స్టన్ ఎన్‌ట్షోనా కలిసి చేసిన ‘ది ఐలండ్’లో ఇద్దరు ఖైదీలు జైలు వేడుకకు యాంటిగొనీ విచారణ ఘట్టాన్ని తయారుచేసుకుంటారు. మనుషులు తక్కువ, డబ్బు తక్కువ అనుకునే సమాజాలకు దీన్నుంచి నేర్చుకునేది ఎక్కువ: ఒక దుప్పటి, ఒక దండ, నమ్మకంగా చెప్పే మాట ఉంటే విచారణ ఘట్టం నిలబడుతుంది.

తెలుగులోకి తెచ్చేటప్పుడు

ఈ నాటకాన్ని అనువదించడంలో తెలుగుకు ఇంగ్లిష్‌కు లేని బలం ఒకటుంది. క్రియాన్ యాంటిగొనీకి ఉత్త ‘అంకుల్’ కాదు, తల్లి తమ్ముడో అన్నో అయిన మేనమామ. అతని కొడుకు హీమన్, ఆమెకు నిశ్చయమైన వరుడు, వరసకు బావ. మనకు ఇది వివరించనక్కర్లేని చుట్టరికం. ‘మామా’ అన్న పిలుపు చాలు, అతను ఎంత చేరువవాడై ఉండి ఎంత పని చేస్తున్నాడో తెలిసిపోతుంది. సమాధి గుహకు నడిచేటప్పుడు తనను మృత్యునది అకెరాన్‌కు పెళ్లికూతుర్నని యాంటిగొనీ ఏడుస్తుంది. పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మండపానికి తెచ్చేది మేనమామ అయిన ప్రాంతాల్లో ఆ మాటను ప్రేక్షకులే పూరించుకుంటారు. గంప చూపించకండి. మాట చాలు.

పిలుపుల్లో తిరకాసు కూడా ఉంది. అక్కాచెల్లెళ్లలో ఎవరు పెద్దో సోఫోక్లీస్ విప్పి చెప్పలేదు, తెలుగులో చెప్పక తప్పదు. యాంటిగొనీని అక్కను చేస్తే తొలి దృశ్యం తేలిగ్గా నడుస్తుంది. ‘అక్కా, వద్దే’ అన్న రెండు మాటల్లో ఇస్మీనీ మొత్తం వచ్చేస్తుంది. హీమన్ మాత్రం తండ్రిని మొదట ‘మీరు’ అనే అనాలి. 635లో అతని తొలి మాట ‘నాన్నగారూ, నేను మీవాణ్ని’ లాంటిదే. 726 తర్వాత ఒక్కో పంక్తి చొప్పున తండ్రీకొడుకులు మాటకు మాట విసురుకునే చోట గౌరవ వాచకం ఎక్కడ జారిపోతుందో ఎంచుకోండి. ఒక్కచోటే జారాలి.

మొదటి పంక్తి మూలంలో, ఒకే కడుపు పంటగా పుట్టిన ఇస్మీనీ తలను పిలుస్తున్నట్టు ఉంటుంది. ఇంగ్లిష్ అనువాదకులు తంటాలు పడ్డ ఆ పిలుపుకు మనకు ‘తోడబుట్టినదానా’ సిద్ధంగా ఉంది. 332లో మొదలయ్యే ‘మనిషి’ పాటలో మొదటి విశేషణం ఇంకా కష్టం. గ్రీకులో ఆ మాటకు అబ్బురమనీ, భయంకరమనీ రెండర్థాలూ ఉన్నాయి. ‘అద్భుతం’ అని ఊరుకుంటే సగం పోతుంది. ‘ఘనాలెన్నో, ఘోరాలెన్నో, మనిషిని మించినదేదీ లేదు’ అన్నట్టు జంటగా పెడితే ఆ పాట చివర వచ్చే హెచ్చరికకు దారి పడుతుంది.

సంభాషణలకు పద్యం అక్కర్లేదు, వచనం చాలు. దూత గుహలో చూసింది చెప్పే 50 పంక్తుల కథనానికి (1192–1243) మాత్రం ద్విపద ప్రయత్నించదగ్గది. కథ చెప్పడానికే పుట్టిన ఛందస్సు, ఆగకుండా పరిగెత్తుతుంది.

ఆచారం విషయంలో జాగ్రత్త. మన ఊళ్లలో కర్మ చేసేది ఎక్కువగా మగవాళ్లు గనుక, ఆడపిల్ల మట్టి వేయడమే తిరుగుబాటని ప్రేక్షకులు పొరబడతారు. గ్రీకుల్లో శవానికి స్నానం చేయించి, అలంకరించి, ఏడవడం ఇంటి ఆడవాళ్ల ధర్మం. యాంటిగొనీ ఆ ధర్మాన్నే చేసింది, అడ్డం పడ్డది రాజు. 900–903లో తల్లికీ తండ్రికీ అన్నకూ స్వయంగా స్నానం చేయించి కర్మధారలు పోశానని ఆమె చెబుతుంది. ఆ మాటల్లో ఒకటి తొలి దృశ్యంలోకి జరిపితే ఈ పొరపాటు తొలగుతుంది.

దాని వెనకే 904–920 వస్తాయి: భర్త పోతే మరో భర్త దొరుకుతాడు, బిడ్డ పోతే మరో బిడ్డ, తల్లిదండ్రులు పోయాక మరో తోబుట్టువు రాడు, అందుకే ఇలా చేశానని. జర్మన్ కవి గేటేకు ఇవి ఎంత రుచించలేదంటే, ఇవి ప్రక్షిప్తాలని ఏ పండితుడైనా నిరూపిస్తే బాగుండునని 1827లో అన్నాడు. కానీ అరిస్టాటిల్ తన అలంకార గ్రంథంలో వీటిని ఉదహరించాడు, పాతవే. నాలుగైదు వాక్యాలకు కుదించి ఉంచమనే మా సలహా. చావు ముందు ఒంటరిగా నిలబడ్డ పిల్ల తన పనికి కారణాలు వెతుక్కుంటూ తడబడటం ఆమెను చిన్నది చేయదు.

572వ పంక్తిలో ‘హీమన్, మీ నాన్న నిన్నెంత అవమానిస్తున్నాడు!’ అన్న మాట వ్రాతప్రతుల్లో ఇస్మీనీది. 1502లో వెనిస్‌లో ఆల్డస్ అచ్చువేసిన తొలి ముద్రణలో యాంటిగొనీకి వెళ్లింది. ఇస్మీనీకే ఇవ్వండి. అప్పుడు యాంటిగొనీ నాటకమంతటా ఒక్కసారి కూడా హీమన్ పేరెత్తదు, ఆ మౌనమే వినబడుతుంది.

కోరస్

థీబ్స్ పెద్దలు 15 మంది. మన వేదికకు ఏడుగురు చాలు: ఒక నాయకుడు, ముగ్గురేసి రెండు వరసలు. అయిదుగురికి తగ్గితే అది ఊరుగా కనబడదు. కోరస్‌ను బుర్రకథ వంతల్లా తందానకు పరిమితం చేస్తే నాటకం సగం పోతుంది. ఈ పెద్దలు మొదట రాజుకు తలూపుతారు. 278లో ‘ఇది దేవతల పనేమో’ అని నసుగుతారు. హీమన్, క్రియాన్ ఇద్దరి మాటా బాగుందంటారు. 1100 దగ్గర ‘ముందు పిల్లను విడిపించు, తర్వాత శవానికి సమాధి కట్టు’ అని రాజుకే చెబుతారు. క్రియాన్ ఈ వరసను తారుమారు చేస్తాడు. ముందు శవం దగ్గరికి పోయి మిగిలిన అవశేషాల్ని కడిగి, దహనం చేసి, మట్టిదిబ్బ పోసి, ఆ తర్వాత గుహకు వెళ్తాడు. ఆ ఆలస్యంలోనే అంతా అయిపోతుంది. అనువాదంలో ఈ రెండు పనుల వరస ఎక్కడ చెదిరినా విషాదానికి కారణం కనబడకుండా పోతుంది. ప్రాంప్టర్ ప్రతిలో ఎర్రసిరాతో రాసుకోవాల్సిన చోటు ఇది.

పాటలన్నీ జంట చరణాలు, మొదటిదాని వరసలోనే రెండోది. ఒక్కో జంటకు ఒక్క వరస కట్టి, నడకను మాత్రం రెండో చరణంలో ఎదురు దిక్కుకు తిప్పితే చాలు. వాద్యం అప్పుడు ఆలోస్ అనే జంట గొట్టాల ఊదు వాద్యం ఒక్కటే. సన్నాయి, డప్పు పెట్టుకుంటే మనకు సరిపోతుంది. కీబోర్డు కింద మాటలు మునిగిపోతాయి.

డేనయీ, లైకర్గస్ కథలు చెప్పే నాలుగో పాట (944–987) మనవాళ్లకు తెలియదని తీసేయబోతారు. డేనయీ ఒక్కదాన్ని ఉంచి కుదించండి గానీ పూర్తిగా తీసేయకండి, కారణం కింద ఉంది. అయిదో పాట డయోనిసస్‌ను పిలిచే సంబరం. రాజు మనసు మార్చుకున్నాడు, అంతా బాగైపోతుందని పెద్దలు చిందేస్తారు. నాటకం మొత్తంలో ఇదే అతి వేగమైన తాళం కావాలి. అది ఆగిన వెంటనే దూత వస్తాడు.

ముగ్గురు నటులు, తొమ్మిది వేషాలు

మూలంలో మాట్లాడే వేషాలన్నీ ముగ్గురు మగ నటులే ముసుగులు మార్చి వేసేవారు. ఇలా పంచితే ఇప్పటికీ కుదురుతుంది: ఒకరు యాంటిగొనీ, టైరీషియస్, యూరిడిసీ. రెండోవారు ఇస్మీనీ, కావలివాడు, హీమన్, ఇద్దరు దూతలు. మూడోవారు క్రియాన్ ఒక్కడే. 943లో వెళ్లిన యాంటిగొనీ 988లో గుడ్డి జ్యోతిషిగా రావాలి, మధ్య ఉన్నది ఆ నాలుగో పాట ఒక్కటే. పాట తీసేస్తే నటికి వేషం మార్చుకోవడానికి మూడు నిమిషాలు కూడా ఉండవు. తొమ్మిదిమందిని పెట్టుకునే స్తోమత ఉన్నా, యాంటిగొనీ, టైరీషియస్ ఒకే నటి వేస్తే ఆ గొంతు క్రియాన్‌ను రెండోసారి వెంటాడినట్టుంటుంది.

కావలివాడికి మీ ఊరి మామూలు మాటే పెట్టండి. చీట్లు తీస్తే వచ్చినందుకు ప్రాణభయంతో వచ్చినవాడు. యాసను నవ్వులకోసం సాగదీయకండి, భయం నిజమైతే నవ్వు దానంతటదే వస్తుంది.

మట్టి, చెంబు, చక్రాల బల్ల

మట్టి వేయడాన్ని వేదిక మీద మూకాభినయంగా చూపించకండి. సోఫోక్లీస్ దాన్ని కావలివాడి నోట చెప్పించాడు: గునపం దెబ్బ లేదు, బండి చక్రాల జాడ లేదు, పైపైన సన్నటి దుమ్ము. మనం కళ్లారా చూసేస్తే ‘దేవతల పనేమో’ అన్న పెద్దల అనుమానానికి చోటుండదు. కంటికి కనబడాల్సింది పట్టుబడ్డాక ఆమె చేతులు. ముంజేతి దాకా కొబ్బరి నూనె పల్చగా రాసి, జల్లెడ పట్టిన సన్నమట్టి అద్దితే గాలికి లేవదు, దగ్గు రాదు, లైట్ల కింద కనబడుతుంది. 536లో ఇస్మీనీ ‘నాకూ భాగముంది’ అంటూ దగ్గరికి వచ్చి ఆ చెయ్యి పట్టుకోబోతుంది. యాంటిగొనీ చెయ్యి లాక్కోవాలి. ఆ మట్టి చెల్లెలికి అంటకూడదు.

430లో ఆమె మూడు ధారలు పోసింది కంచు పాత్రతో. కావలివాడు ఆ కంచు చెంబును సాక్ష్యంగా తెచ్చి నేల మీద పెడితే చప్పుడు వినబడాలి, కాబట్టి స్టీలు చెంబుకు రంగు వేసి సర్దుకోకండి.

వెనక ఒక్క తలుపు, అది రాజభవనం. పక్క దారులు రెండు: ఒకటి ఊరివైపు, ఒకటి శవమున్న మైదానం వైపు. మొదటి రిహార్సల్లోనే ఏది ఏదో ఖాయం చేసి, చివరిదాకా ఎవరూ తప్పకూడదు. క్రియాన్ ఆఖరున ఏ దారిన తిరిగొస్తున్నాడో చూసే ప్రేక్షకులు సగం గ్రహిస్తారు.

1293 దగ్గర యూరిడిసీ శవం లోపలినుంచి బయటికి రావాలి. గ్రీకులు దీనికి చక్రాల బల్ల వాడేవారు. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, అడుగులోపు ఎత్తు, నాలుగంగుళాల చక్రాలు, వెనక రెండింటికి బ్రేకులు. తలుపు కనీసం అయిదడుగుల వెడల్పు ఉండాలి. చెడేది ఎప్పుడూ గడప దగ్గరే: పరిషత్తు వేదికల చెక్కల సందుల్లో చక్రం ఇరుక్కుంటుంది. బల్ల నడిచే దారంతా ప్లైవుడ్ పరిచి, మనిషిని పడుకోబెట్టే సాధన చేయండి, ఖాళీ బల్లతో కాదు. యూరిడిసీకి ఉన్నది తొమ్మిది పంక్తులే. దూత కథనం విన్నాక ఏమీ అనకుండా లోపలికి వెళ్తుంది. ఆ వెళ్లే నడకకు సంగీతం పెట్టకండి.

హీమన్ శవంతో క్రియాన్ 1257లో వస్తాడు. ముగ్గురు నటుల పద్ధతిలో ఇది బొమ్మే అవుతుంది. గడ్డీ ఇసుక సంచులూ కలిపి 20 కిలోలకు తగ్గకుండా కుట్టించండి. తేలిక బొమ్మను మోస్తూ బరువు నటిస్తే మొదటి వరసకే తెలిసిపోతుంది. ఇద్దరు సేవకులు పట్టుకోవాలి, తల వైపు తండ్రి. బొమ్మను కింద పెట్టాక క్రియాన్ దాన్ని మళ్లీ ఎత్తడు. అతన్నే ఎవరో పట్టుకుని లోపలికి నడిపిస్తారు. పెద్దలు చివరి ఆరు పంక్తులు నడుస్తూ చెప్పి, ఊరివైపు దారిన ఒక్కొక్కరే వెళ్లిపోతారు. ఆఖరి మనిషి మలుపు తిరిగేదాకా లైటు తగ్గకూడదు, పడుకున్న నటి కదలకూడదు.